సూది ఒక్కటే నడిపిస్తుందా?

ఆ పొద్దు ఏం జరిగింది?

ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. కొడుకు ఆళ్లగడ్డలో రాతి పనికి పోతాడు. దేవుళ్ల విగ్రహాలు చెక్కుతాడు. కోడలు కూలికి పోతుంది. ఆమె అత్తకు సొంత మేనకోడలే. రాత్రి పూట కేంద్రానికి పోయి చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. గోడ మీద రాసింది చదువుతుంది.

అత్తకు 58 ఏండ్లు. ఆమెకు బి.పి. ఉంది. ఆశ కార్యకర్త మాత్రలు ఇచ్చేది. అత్త రెండు నెలలు మింగింది. తర్వాత మానేసింది.

"తలనొప్పి లేదు. తల తిరగడం లేదు. ఊరికే మాత్రలెందుకు?" అనేది.

ఒకనాడు పొద్దున 6 గంటలు. అత్త జొన్న రొట్టెలకు పిండి కలుపుతూ ఉంది. చేతిలోని చెంబు జారి కింద పడింది. తీసుకోబోయింది. కుడి చెయ్యి లేవలేదు. కోడలు పరుగెత్తి వచ్చింది. అత్త నోరు ఒక పక్కకు వంకర పోయి ఉంది.

"ఏమైందత్తా?" అని అడిగింది.

అత్త ఏదో చెప్పబోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

చుట్టుపక్కల వాళ్లు చేరారు. "గాలి సోకింది" అన్నారు ఒకరు. "పావురం రక్తం పూస్తే చెయ్యి లేస్తుంది" అన్నారు ఇంకొకరు. "వాత పెట్టించండి" అన్నారు మరొకరు.

కోడలికి ఉపకేంద్రం గోడ మీద చదివిన మాటలు గుర్తొచ్చాయి.

"మామా, 108కి ఫోన్ చేద్దాం" అంది మెల్లగా.

"పెద్దోళ్లు మాట్లాడుతాండారు. నువ్వుండమ్మా" అన్నాడు మామ.

కోడలు ఊరుకుంది.

పావురం కోసం ఒక మనిషి పోయాడు. రక్తం తెచ్చి పూశారు. చెయ్యి లేవలేదు. కొడుకు పని నుంచి వచ్చేసరికి 10 గంటలు దాటింది. అప్పుడు 108కి ఫోన్ చేశారు. అక్కడి నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. ఆసుపత్రి చేరేసరికి 12 గంటలైంది.

డాక్టరు మొదట ఒక్క మాటే అడిగారు. "ఎన్ని గంటలకు మొదలైంది?"

"6 గంటలకు సార్" అంది కోడలు.

తలకు స్కాన్ తీశారు. మెదడులో రక్తం గడ్డ అడ్డం పడిందని తేలింది.

"నాలుగున్నర గంటల లోపల వచ్చి ఉంటే గడ్డను కరిగించే సూది వేయడానికి వీలుండేది. ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది" అన్నారు డాక్టరు.

కోడలు తల దించుకుంది. "ఆ పొద్దు నేను గట్టిగా చెప్పలేకపోతినే" అని బాధపడింది.

పక్షవాతం అంటే ఏమిటి?

నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు కె.సి. కాలువ తెలుసు. కాలువ నీళ్లు పిల్లకాలువల్లోకి పోతాయి. అక్కడి నుంచి చేలకు పోతాయి. పిల్లకాలువకు ఏదైనా అడ్డం పడితే కింది చేను ఎండిపోతుంది. గట్టు తెగితే నీళ్లన్నీ బయటకు పోతాయి. అప్పుడూ చేను పాడవుతుంది.

మన మెదడుకు రక్తం కూడా ఇట్లాగే సన్నటి నాళాల్లో పోతుంది. ఆ నాళంలో గడ్డ అడ్డం పడవచ్చు. లేదా నాళం చిట్లి రక్తం బయటకు రావచ్చు. రెండింటిలో ఏది జరిగినా మెదడులో ఆ భాగానికి రక్తం అందదు. నిమిషం నిమిషానికీ ఆ భాగం చచ్చిపోతూ ఉంటుంది. ఇదే పక్షవాతం. ఎక్కువ మందిలో గడ్డ అడ్డం పడడం వల్లనే వస్తుంది.

మెదడు ఎడమ భాగం కుడి చేతిని, కుడి కాలిని ఆడిస్తుంది. కుడి భాగం ఎడమ చేతిని, ఎడమ కాలిని ఆడిస్తుంది. అత్తకు ఎడమ భాగం దెబ్బతింది. అందుకే కుడి పక్క పడిపోయింది. చాలామందికి మాట కూడా ఎడమ భాగంలోనే ఉంటుంది. అందుకే ఆమె మాట తడబడింది.

కాబట్టి జబ్బు వచ్చింది చేతికి కాదు, కాలికి కాదు. మెదడుకు వచ్చింది. చేతి మీద రక్తం పూస్తే మెదడులో గడ్డ కరగదు. వాత పెడితే పుండు పడుతుంది. గాలి వల్ల పక్షవాతం రాదు.

పక్షవాతం రావడానికి పెద్ద కారణం బి.పి. చాలామందిలో బి.పి. బయటకు కనిపించదు. నొప్పి ఉండదు. తల తిరగదు. నొప్పి లేదని మాత్రలు మానేస్తే అది లోపల నాళాలను పాడు చేస్తూనే ఉంటుంది. చక్కెర జబ్బు, బీడీ, సారా, ఎక్కువ ఉప్పు కూడా కారణాలే.

గుర్తుపట్టేది ఎట్లా?

మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు. ముఖం. చెయ్యి. మాట.

ముఖం: నవ్వమని చెప్పాలి. నోరు ఒక పక్కకు వంకర పోతుందా?

చెయ్యి: రెండు చేతులూ ముందుకు చాపమని చెప్పాలి. ఒక చెయ్యి కిందికి జారుతుందా?

మాట: ఊరి పేరు, తన పేరు చెప్పమని అడగాలి. మాట తడబడుతుందా?

మూడింటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. అన్నం పెట్టకూడదు. మింగలేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఉన్న మాత్రలు వేయకూడదు. గడ్డ వల్ల వచ్చిందో, నాళం చిట్లి వచ్చిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది.

గడ్డను కరిగించే సూది అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. అందుకే 108 వాళ్లను ముందే అడగాలి. "స్కాను, గడ్డ కరిగించే సూది ఉన్న చోటికి తీసుకుపోండి" అని చెప్పాలి. ఆలస్యమైనా ఆసుపత్రికి పోవడం మానకూడదు. పెద్ద ఆసుపత్రుల్లో కొందరికి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటకు తీస్తారు. అది 24 గంటల దాకా కూడా కొందరికి వీలవుతుంది.

ఇంటికి వచ్చిన తర్వాత

అత్త 9 రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్రాణం నిలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం కదల్లేదు. ఇంటికి పంపేముందు ఫిజియోథెరపీ మేడం కోడలిని, కొడుకును కూర్చోబెట్టింది. ఏం చేయాలో చేసి చూపించింది.

రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. లేకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి.

పడిపోయిన చేతిని పట్టుకుని లాగకూడదు. లేపేటప్పుడు చంక కింద చెయ్యి వేసి గుంజకూడదు. భుజం కీలు జారిపోతుంది. చేతి కింద దిండు పెట్టాలి.

కూర్చోబెట్టి తినిపించాలి. పడుకోబెట్టి పెట్టకూడదు. చిన్న చిన్న ముద్దలు పెట్టాలి.

స్పర్శ తెలియని పక్కన వేడి నీళ్ల కాపడం పెట్టకూడదు. కాలినా ఆమెకు తెలియదు.

డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ కూర్చోబెట్టాలి. తర్వాత నిలబెట్టాలి. ఆ తర్వాత అడుగు వేయించాలి. చెయ్యి చేత పని చేయించాలి.

"ఎన్నాళ్లు మేడం?" అని అడిగాడు కొడుకు.

"నువ్వేం పని చేస్తావు నాయనా?"

"రాతి పని మేడం. శిల్పాలు చెక్కుతా."

"ఉలి పట్టు నీకు ఎన్నాళ్లకు కుదిరింది?"

"రెండేండ్లు పట్టింది మేడం. మొదట్లో వేళ్లన్నీ దెబ్బలే."

"మీ అమ్మ చెయ్యి కూడా ఇప్పుడు కొత్తగా పనిలో చేరిన పిల్లోని చెయ్యి లాంటిది. మళ్లా మొదటి నుంచి నేర్చుకోవాలి. రోజూ చేయిస్తేనే వస్తుంది."

మేడం ఇంకొక మాట కూడా చెప్పింది. చచ్చిపోయిన మెదడు భాగం మళ్లీ బతకదు. కానీ పక్కనున్న భాగాలు ఆ పనిని కొంత నేర్చుకుంటాయి. ఒక పిల్లకాలువ పూడిపోతే రైతు పక్క నుంచి ఇంకో దారి తవ్వుకుంటాడు. మెదడు కూడా అట్లాగే కొత్త దారి చేసుకుంటుంది. ఒక పనిని ఎన్నిసార్లు చేస్తే ఆ దారి అంత గట్టిపడుతుంది. మొదటి మూడు నెలల్లో మార్పు తొందరగా కనిపిస్తుంది. తర్వాత మెల్లగా వస్తుంది. అయినా ఆగిపోదు.

సూదుల మనిషి మాట

ఇంటికి వచ్చి 20 రోజులైంది. అత్త కాలు కొంచెం కదిలింది. చెయ్యి కదల్లేదు. అత్త రోజూ ఏడ్చేది. పక్షవాతం వచ్చిన వాళ్లలో చాలామందికి ఇట్లా దిగులు వస్తుంది. అది కూడా డాక్టరుకు చెప్పుకోవలసిన సంగతే.

ఒకరోజు మామకు తెలిసిన ఆయన వచ్చాడు.

"టౌనులో ఒకాయన ఉన్నాడు. సూదులు గుచ్చుతాడు. ఆక్యుపంక్చర్ అంటారు. చైనా వైద్యం. 15 సార్లు గుచ్చితే లేచి నడుస్తుందంట. 30 వేలు అడుగుతాడు. అయితే ఇంగ్లీషు మాత్రలన్నీ మానేయాలంట" అన్నాడు.

మామ ముఖం వెలిగింది. "బర్రెను అమ్మేద్దాం. మీ అత్త లేచి నడిస్తే అదే చాలు" అన్నాడు.

కోడలు ఆలోచించింది. మాత్రలు మానేసినందుకే కదా ఈ గతి పట్టింది? ఇప్పుడు మళ్లా మానమంటున్నారు. ఆ పొద్దు ఊరుకున్నందుకు ఎంత నష్టం జరిగింది? ఈసారి ఊరుకోకూడదు అనుకుంది.

"మామా, నేను కాదనడం లేదు. అత్త నడవాలని నాకూ ఉంది. సోమవారం నంద్యాలకు చూపించను పోతాం కదా. డాక్టరునూ, మేడాన్నీ అడుగుదాం. అడిగినాక బర్రె సంగతి చూద్దాం. అంతవరకూ మాత్ర ఒక్క పూట కూడా మానేది లేదు" అంది.

మామ ఆమె వైపు చూశాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"సరేలేమ్మా. అట్లనే కానీ" అన్నాడు.

సూది వైద్యం ఎక్కడ పుట్టింది?

సోమవారం నంద్యాల పోయారు. కోడలు అడిగింది. మేడం ఓపిగ్గా చెప్పింది. ఆమె చెప్పిన సంగతులు ఇవి.

ఆక్యుపంక్చర్ చైనా దేశంలో పుట్టింది. 2,000 ఏండ్లకు పైగా అక్కడ ఉంది. వెంట్రుక లాంటి సన్నని సూదులను ఒంటి మీద కొన్ని చోట్ల గుచ్చుతారు. ఆ సూదుల్లో మందు ఉండదు. ఒంట్లో ఒక శక్తి కొన్ని దారుల్లో పారుతుందని, సూదులు ఆ దారులను తెరుస్తాయని పాతకాలం చైనా వైద్యులు నమ్మారు. శరీరాన్ని కోసి చూసిన వైద్యులకు అలాంటి దారులు కనిపించలేదు. సూది గుచ్చితే నరాలకు కదలిక తెలుస్తుంది. అది మెదడు దాకా పోతుంది. అది ఎంత మేలు చేస్తుందన్నదే ప్రశ్న.

ఈ వైద్యం మన దేశానికి రావడం వెనుక ఒక కథ ఉంది. 1938లో చైనా మీద జపాను యుద్ధం చేస్తూ ఉంది. గాయపడిన వాళ్లకు సాయం చేయడానికి మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు చైనా పోయారు. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ ఒకరు. ఆయనది మహారాష్ట్రలోని షోలాపూరు. ఆయన 1942లో చైనాలోనే చనిపోయారు. ఆయనతో పోయిన ఇంకొక డాక్టరు బిజయ్ కుమార్ బసు. బసు 1950ల చివర మళ్లీ చైనా పోయి సూది వైద్యం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. అక్కడి నుంచి అది దేశంలో పాకింది. 2019లో భారత ప్రభుత్వం దీన్ని ఒక వైద్య పద్ధతిగా గుర్తించింది.

"అయితే మంచిదే కదా మేడం?" అని అడిగాడు మామ.

"గుర్తించడం ఒకటి. ప్రతి జబ్బుకూ పని చేస్తుందని తేలడం ఇంకొకటి పెద్దాయనా" అంది మేడం.

చేలో చూసినట్టు చూడాలి

కొత్త విత్తనం మంచిదా కాదా అని ఎట్లా తెలుసుకుంటారు? నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ కొత్త విత్తనాన్ని పాత విత్తనం పక్కనే వేస్తారు. ఒకే నేల. ఒకే నీళ్లు. ఒకే ఎరువు. చివరికి రెండింటి దిగుబడినీ తూకం వేస్తారు. కొత్తది వేసిన చేను ఒక్కటే చూసి "బాగా పండింది" అంటే చాలదు. ఆ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు. అన్ని చేలూ బాగా పండి ఉండవచ్చు.

పక్షవాతం కూడా అంతే. మొదటి నెలల్లో చాలామందికి కొంత కదలిక దానంతట అదే వస్తుంది. అదే సమయంలో సూదులు వేయించుకుంటే సూది వల్లనే వచ్చిందని అనిపిస్తుంది. నూనె రాసుకున్న వాళ్లు నూనె వల్ల అంటారు. తాయెత్తు కట్టుకున్న వాళ్లు తాయెత్తు వల్ల అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ పక్కన ఇంకో చేను లేదు. అందుకే తేడా తెలియదు.

స్వీడన్ అనే దేశంలో డాక్టర్లు ఇట్లా పక్కపక్కన పెట్టి చూశారు. 1993లో వాళ్లు తమ మొదటి ఫలితాన్ని చెప్పారు. పక్షవాతం వచ్చిన 78 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ వ్యాయామం చేయించారు. ఒక గుంపుకు దాంతో పాటు సూదులు కూడా వేశారు. సూదులు వేయించుకున్న వాళ్లు తొందరగా కోలుకున్నారు. అందరూ సంతోషించారు.

కానీ ఒక్కసారి పండితే చాలదు. మళ్లీ వేసి చూడాలి. ఆ దేశంలోనే మళ్లీ చూశారు. ఈసారి 150 మంది. ఒక గుంపుకు సూదులు వేశారు. ఇంకో గుంపుకు చర్మం మీద పేరుకు మాత్రం చాలా తక్కువ కరెంటు పెట్టారు. తమకు ఏదో వైద్యం జరుగుతున్నదని ఆ గుంపు వాళ్లు కూడా అనుకున్నారు. 2001లో ఫలితం చెప్పారు. రెండు గుంపులకూ నడకలో, చేతి పనిలో తేడా కనిపించలేదు.

2016లో కొందరు వైద్య పరిశోధకులు ఇలాంటి 31 పరీక్షలను ఒకచోట చేర్చి చూశారు. వాటిలో మొత్తం 2,257 మంది రోగులున్నారు. సూదులు కొంత మేలు చేస్తాయేమో అనిపించింది. కానీ ఆ పరీక్షల్లో చాలా వాటిని సరిగ్గా చేయలేదు. అందుకే "మేలు చేస్తుందని గట్టిగా చెప్పలేం" అని తేల్చారు.

"అంటే ఏమని అర్థం మేడం?" అని అడిగింది కోడలు.

"సూది వల్ల కొంచెం మేలు ఉంటే ఉండవచ్చు. లేకపోనూ వచ్చు. సూది ఒక్కటే మనిషిని లేపి నడిపిస్తుందని మాత్రం ఎవరూ చూపించలేదు. మంచి ఫలితం వచ్చిన చోట కూడా సూదులతో పాటు వ్యాయామం చేయించారు. మందులు ఇచ్చారు. వ్యాయామం మాని, మందులు మాని సూది మీద కూర్చోవడం మాత్రం ఎక్కడా మంచిది కాదు."

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

"అయినా మీకు సూదులు వేయించాలని ఉంటే మీ ఇష్టం. కానీ డబ్బు ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి" అంది మేడం. కోడలు నోటు పుస్తకంలో రాసుకుంది.

1. మాత్రలు మానమంటావా, మింగమంటావా? మానమంటే ఆ వైద్యుని దగ్గరికి పోవద్దు. బి.పి. మాత్ర, రక్తం గడ్డ కట్టకుండా ఉంచే మాత్ర మానేస్తే పక్షవాతం మళ్లీ రావచ్చు. రెండోసారి వస్తే ప్రాణం పోవచ్చు.

2. ప్రతిసారీ కొత్త సూదులు వాడతావా? సూదుల పొట్లం మన కళ్ల ముందు విప్పాలి. వాడినవి పారేయాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్లు, ఎయిడ్స్ లాంటి జబ్బులు అంటుకుంటాయి.

3. ఎక్కడ చదివినావు? ఏం సర్టిఫికెట్ ఉంది? తెలియని వాళ్లు ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడవచ్చు. రక్తం పలచబడే మాత్ర మింగే వాళ్లకు రక్తం ఎక్కువ కారవచ్చు. అందుకే మన డాక్టరుకు చెప్పి పోవాలి.

4. నయమవుతుందని మాట ఇస్తావా? "ఇన్నిసార్లకు తప్పకుండా నడుస్తుంది" అని ముందే డబ్బు అడిగితే నమ్మవద్దు. పక్షవాతంలో అట్లా ఏ వైద్యుడూ చెప్పలేడు.

మామ, కొడుకు ఆ సూదుల మనిషి దగ్గరికి పోయారు. నాలుగు ప్రశ్నలూ అడిగారు. మాత్రల మాట దగ్గరే ఆయనకు కోపం వచ్చింది. "నమ్మకం లేకపోతే రావద్దు" అన్నాడు. ఇద్దరూ తిరిగి వచ్చేశారు. బర్రె ఇంట్లోనే ఉంది. దాని పాల డబ్బులు నంద్యాలకు పోయి వచ్చే ఖర్చులకు పనికొచ్చాయి.

చెయ్యి మళ్లీ నేర్చుకుంది

ఇంట్లో పని పంచుకున్నారు. పొద్దున కొడుకు, సాయంత్రం కోడలు, మధ్యలో మామ, బడి నుంచి వచ్చినాక పిల్లలు. ఒక్కరి మీదే భారం వేయలేదు.

మేడం చూపించినట్టు చేయించారు. అత్త రెండు చేతుల వేళ్లూ కలిపి పట్టుకునేది. మంచి చెయ్యి సాయంతో పడిపోయిన చేతిని పైకి ఎత్తేది. పది సార్లు. కాసేపు ఆగి మళ్లీ పది సార్లు. కుర్చీలో నుంచి లేవడం, కూర్చోవడం. గోడ పట్టుకుని నిలబడడం. పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండేవారు. పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇంట్లో ఉన్న వస్తువులతోనే చెయ్యికి పని చెప్పారు. జొన్న పిండి ముద్ద పిసకడం. తడి గుడ్డ పిండడం. వేరుశనగ కాయలు ఒక్కొక్కటి తీసి చేటలో వేయడం. మొదటి నెల ఒక్క కాయ కూడా పట్టలేకపోయింది. అత్త విసుక్కునేది.

"నా వల్ల కాదే" అని ఏడ్చేది.

"నాకు కూడా మొదట పలక మీద గీత రాలేదత్తా. చెయ్యి వణికేది. ఎన్నిసార్లు తుడిచి రాసినానో!" అనేది కోడలు.

ఒకనాడు ఆ పలకనే తెచ్చి అత్త ముందు పెట్టింది. బలపం ఆమె వేళ్ల మధ్య పెట్టింది. బలపానికి గుడ్డ చుట్టి లావు చేసింది. పట్టు కుదరడానికి అది పనికొచ్చింది. అత్త ఎప్పుడూ బడికి పోలేదు. వేలిముద్ర వేసేది. నిలువు గీతలు గీసింది. తర్వాత సున్నాలు చుట్టింది. చెయ్యికి పని, మనసుకు కూడా పని దొరికింది.

మాత్రలకు కోడలు ఒక పద్ధతి పెట్టింది. గోడకు క్యాలెండరు ఉంది. మాత్ర మింగగానే ఆ తేదీ మీద గీత పెట్టేది. గీత లేకపోతే మాత్ర మింగలేదని అందరికీ తెలిసేది. నెలకు ఒకసారి ఉపకేంద్రంలో బి.పి. చూపించేది. ఆ అంకెలు పుస్తకంలో రాసేది. 140, 90 కంటే తగ్గిందా లేదా అని చూసేది. ఊరగాయ తగ్గించారు. రోజుకు ఒక మనిషికి ఒక చిన్న చెంచా ఉప్పు కంటే ఎక్కువ కాకుండా వండారు.

ఆరు నెలలు గడిచాయి. అత్త కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తుంది. బాత్రూముకు సొంతంగా పోతుంది. మాట తేటగా వస్తుంది. కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటుంది. కానీ జడ వేసుకోలేదు. జొన్న రొట్టె తట్టలేదు. ఆ పట్టు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. రోజూ పని మాత్రం ఆపలేదు.

పింఛను సంగతి

పక్షవాతం వచ్చిన వాళ్లకు ప్రభుత్వం పింఛను ఇస్తుంది. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛన్లు పెంచారు. వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు చేశారు. పక్షవాతంతో పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకే పరిమితమైన వాళ్లకు 15,000 రూపాయలు చేశారు. దీనికి సదరం సర్టిఫికెట్ కావాలి. డాక్టర్లు చూసి, లోపం ఎంత ఉందో రాసి ఇస్తారు. ఎట్లా పెట్టుకోవాలో గ్రామ సచివాలయంలో అడగాలి. ఇది అడుక్కోవడం కాదు. హక్కు.

కోడలు అత్తను సదరం శిబిరానికి తీసుకుపోయింది. అక్కడ కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు.

"ఆగండి" అంది అత్త. కుడి చేత్తో పెన్ను అడిగింది. చెయ్యి వణికింది. అక్షరాలు పైకీ కిందికీ పోయాయి. చాలాసేపు పట్టింది. అయినా తన పేరు తానే రాసింది.

గుర్తుంచుకోండి

ముఖం, చెయ్యి, మాట. ఒక్కటి తేడా వచ్చినా 108.

నాలుగున్నర గంటల లోపల ఆసుపత్రి చేరాలి. ఎంత ముందు పోతే అంత మేలు.

నొప్పి లేకపోయినా బి.పి. మాత్ర మానకూడదు.

రోజూ చేసే వ్యాయామమే చేతికీ కాలికీ మళ్లీ పని నేర్పుతుంది.

సూదులు వేయించుకున్నా, మానుకున్నా మందులూ వ్యాయామమూ ఆపకూడదు.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో పక్షవాతం వచ్చిన వాళ్లున్నారా? వాళ్లను మొదట ఎక్కడికి తీసుకుపోయారు? ఎన్ని గంటలు పట్టింది?

కోడలు మొదటిసారి ఎందుకు ఊరుకుంది? రెండోసారి ఎట్లా మాట్లాడగలిగింది?

మంచంలో ఉన్న మనిషిని చూసుకునే పని మీ ఇండ్లలో ఎవరు చేస్తున్నారు? ఆ పనిని ఎట్లా పంచుకోవచ్చు?

రాయండి

మీ ఇంట్లో 30 ఏండ్లు దాటిన వాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరి బి.పి. ఎంతో ఉపకేంద్రంలో అడిగి, పేరు పక్కన రాయండి.